ఒట్టు వద్దన్న మీటింగు

"తాతయ్యా, మా తాత బిట్రగుంటలో ఏదో మీటింగుకి పోయి తాగుడు మానుకున్నాడని నాన్న అంటుంటాడు. నువ్వు ఆ మీటింగు కళ్లారా చూసినావంట గదా. ఆ సంగతి చెప్పు."

ఉండు తల్లీ. ముందు ఆ మాటలు పట్టే యంత్రం సంగతి తేల్చు. తిరుగుతున్నదా? దీన్ని ఎవరెవరికి వినిపిస్తావు? ఇంట్లోవాళ్లకే అంటున్నావు. సరే, నమ్మినాను. పూర్తిగా నమ్మలేదనుకో. ఎందుకంటే ఆ మీటింగులో విన్నమాట గడప దాటకూడదని వాళ్లకొక కట్టుబాటు ఉండేది. అందుచేత మీ తాత పేరు, మీ నాయనమ్మ పేరు తప్ప తక్కినవాళ్ల పేర్లు మార్చి చెప్పుతాను. ఏవి మార్చినానో నన్ను అడగవద్దు.

దైవాన్ని తలవకుండా కథ మొదలుపెట్టే అలవాటు నాకు లేదు, నీకు తెలుసు గదా.

పినాకినీ తీరమున శేషతల్పముపై పవళించి లోకములనెల్ల కనుగొనుచున్న తల్పగిరి రంగనాథునకు మ్రొక్కి, వాక్కులకు తల్లియైన భారతికి మ్రొక్కి, నా చేత పలకపై తొలి అక్షరము దిద్దించిన గురువులకు మ్రొక్కి, బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్మన్‌గా పనిచేసిన సుబ్బయ్య కథ చెప్పుచున్నాను. ఆయన నా చెల్లెలు అలివేలమ్మకు భర్త, నాకు బావ, నీకు తాత. వినేవారు తప్పులుంటే మన్నింతురు గాక.

ఇక మామూలుగా మాట్లాడుకుందాం.

మీ తాత మంచివాడమ్మా. అది మొదట చెప్పాలి, లేకుంటే తరువాత నేను చెప్పేదంతా విని నువ్వు వేరే అనుకుంటావు. విశాలమైన వక్షస్థలం, ఆజానుబాహువు. ఇంజను పొయ్యి ముందు నిలబడి పార పట్టి బొగ్గు విసిరితే, అగ్నిహోత్రంలో ఆహుతి వేసినంత శ్రద్ధగా వేసేవాడట. డ్రైవర్లు ఆయన్ని కోరి అడిగేవాళ్లు. అట్లాంటి మనిషికి సారా అలవాటైంది. పొయ్యి వేడికి ఒళ్లు పీకుతుందని మొదలైందో, స్నేహితుల వల్ల మొదలైందో, ఆయన ఒకసారి ఒకటి చెప్పేవాడు, ఇంకోసారి ఇంకొకటి.

ఆ రోజుల్లో మన జిల్లాలో మద్యనిషేధం ఉండేది. ఇప్పటివాళ్లకు ఆ సంగతే తెలియదు. కల్లు గీయరాదు, సారా కాయరాదు, తాగి దొరికితే జైలు. అంతమాత్రాన దొరకదని కాదు. బోగోలు అవతల ఇసకదిబ్బల్లో కుండలు పాతిపెట్టి కాచేవాళ్లు కాస్తూనే ఉండినారు. ఏ పూటన్నా పోలీసులు వచ్చి కుండలు పగలగొడితే, మందుల షాపులో అల్లపు టింక్చరు అమ్మేవాళ్లు, కడుపునొప్పికని పేరు. అదీ దొరక్కపోతే వడ్రంగులు బీరువాలకు పూసే పాలిషు, దానిలో ఉప్పు వేసి, లక్కను విరగగొట్టి, పైన తేరిన నీళ్లు... వద్దులే. వింటే నీకు అన్నం సయించదు. మీ తాత అది కూడా తాగినాడని మాత్రం చెప్పుతున్నాను.

ఒట్టు పెట్టించలేదా అంటావు. పెట్టించకేమమ్మా. మన వైపు ఒట్టు అంటే నోటిమాట కాదు గదా. దేవుడి ఎదుట పళ్లెంలో కర్పూరం వెలిగిస్తారు. ఆ మనిషి మాట చెప్పి, అరచేత్తో ఆ మంట ఆర్పాలి. ఆర్పినాడంటే కట్టుబడినట్టే. తప్పితే తన ఇంటి దీపం తానే ఆర్పుకున్నట్టు. అంతటి భయంకరమైన ప్రమాణాన్ని మీ తాత ఎన్ని గుళ్లలో చేసినాడో లెక్క లేదు. కొండబిట్రగుంట స్వామి ముందు చేసినాడు, ఊరి అమ్మవారి ముందు చేసినాడు, మా ఇంట్లో మా అమ్మ పూజించిన సాలగ్రామం ముందు చేసినాడు. ఇట్లా వెలిగించడమే ఆలస్యం, టపీమని ఆర్పేసేవాడు. ఆర్పి, కళ్లనీళ్లు పెట్టుకొని, మా చెల్లెలి చేతి అన్నం తిని వెళ్లేవాడు. వారం, పది రోజులు. మళ్లీ మామూలే.

చివరకు ఒకనాడు తాగి డ్యూటీకి పోయినాడని షెడ్డులో పైవాళ్లు పట్టుకొని, ఇంకొకసారి ఇట్లా అయితే ఉద్యోగం ఉండదని చెప్పి పంపినారు. ఆ కోపంలో ఇంటికి వచ్చి అలివేలు మీద చెయ్యి చేసుకున్నాడు. అంతకుముందు అది లేదు. ఆమె మీ నాన్నను చంకనేసుకొని పాసింజరెక్కి కావలికి వచ్చేసింది. నేనప్పుడు కావలిలో హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. తండ్రి లేడు, పెద్దన్నను నేనే. మళ్లీ ఆమెను కాపురానికి పంపడమా, ఇంట్లోనే ఉంచుకోవడమా అనేది నా నోటిమాట మీద ఉండింది. అలివేలు నన్ను ఒకటే అడిగింది.

"అన్నయ్యా, ఈసారి నన్ను ఊరికే పంపవద్దు. అట్లాగని ఊరికే ఉంచుకోనూ వద్దు. ఏదో ఒకటి చూసి చెప్పు" అన్నది.

చూసి చెప్పమన్నది తల్లీ. అదే నన్ను పట్టుకొన్నది. అడిగి చెప్పమనలేదు, విని చెప్పమనలేదు.

ఇట్లా కొన్ని నెలలు గడిచినాయి. ఒకనాడు మీ తాత వచ్చినాడు. తల దువ్వుకొని, ఉతికిన చొక్కా వేసుకొని వచ్చినాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. అరుగు మీద కూర్చొని, "బావా, నేను ఒక మీటింగుకి పోతుండాను. బుధవారం, ఆదివారం. దానికి పోయినాక తాగలేదు" అన్నాడు.

"ఏమి మీటింగు?" అన్నాను.

"తాగుబోతుల మీటింగు."

నవ్వుతావేమి? నేను నవ్వలేదు. నాకు మొదట తోచిన అర్థం, తాగుబోతులు కూడి తాగే మీటింగని. కాదు, మానినవాళ్లు, మానాలనుకున్నవాళ్లు కూడేదట. "ఎవరు పెట్టినారు?" అంటే, మద్రాసులో ఎక్కడో అట్లాంటిది ఉన్నదని, రిటైరైన ఆంగ్లో ఇండియన్ డ్రైవరొకాయన అక్కడ చూసి వచ్చి, రైల్వే కాలనీలో తానే మొదలుపెట్టినాడని చెప్పినాడు. మనం ఆయన్ని జోసెఫ్ దొర అందాం. మీ తాతను అక్కడికి తీసుకుపోయింది, బజారులో రేకు ట్రంకుపెట్టెలు చేసే ఆయన, మస్తాన్ సాయిబు అందాం. పాలిషు తాగి కాలువగట్టున పడి ఉన్న మీ తాతను సాయిబు తన బండి మీద వేసుకొనిపోయి, మరునాడు తన పక్కనే కూర్చోబెట్టుకొని, "సుబ్బయ్యన్నా, నేను కూడా ఈ కాలువలోనే పడి ఉండేవాణ్ణి" అన్నాడట.

"మరి అక్కడ ఏమి ఒట్టు పెట్టిస్తారు?" అని అడిగినాను.

"ఒట్టు లేదు బావా. అక్కడ ఒట్టు పెట్టకూడదు. ఈ పొద్దు తాగను అనుకోవాల, అంతే."

అక్కడ నాకు మనసు విరిగిందమ్మా. ఒట్టు లేకుండా వ్రతమేమిటి? సంకల్పం చెప్పకుండా కర్మ ఏమిటి? ఇదెక్కడి ధర్మం, ఎవరు పుట్టించినారు? నా బుద్ధి నాలుగు దారుల పరుగెత్తింది. ఒకటి, ఇది మతం మార్చే ఎత్తు కావచ్చు, దొర ఉన్నాడు గదా. మరి సాయిబు ఎందుకున్నాడు? రెండు, యూనియన్ వాళ్లు తలుపులు మూసుకొని చేసే వ్యవహారం. మూడు, పోలీసుల వల. నిషేధం ఉన్న రోజుల్లో "నేను తాగుబోతును" అని నలుగురిలో ఒప్పుకుంటే, రాసుకొనిపోయి కోర్టులో నిలబెట్టడానికి ఎంతసేపు? నాలుగు, అన్నిటికన్నా ముందు తోచింది, అక్కడ రహస్యంగా తాగుతున్నారు. మీ తాత ముఖాన ఆ తేట ఏమిటి మరి, అంటే, మంచి సరుకు దొరికి ఉంటుందనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం పాసింజరెక్కినాను. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త, టికెట్టు గుమాస్తా కూడా చిల్లర ఎంచలేక విసుక్కునేవాడు. ఆ రోజు పట్టాల పక్కన మసి, ఎండ, బొగ్గుపొగ. కాలనీలో చింతచెట్ల నీడన వరుసగా పెంకుటిండ్లు. దొరగారి ఇంటి వెనక గది. తలుపు దగ్గర సాయిబే ఎదురైనాడు.

"ఏంది అయివారూ, ఇట్టొచ్చినారు? కావలి నుంచే వస్తుండారా?" అన్నాడు.

"మీటింగు చూడడానికి" అన్నాను.

లోపల నుంచి దొర వచ్చినాడు. తెల్లని గడ్డం, మోకాళ్ల దాకా నిక్కరు. నన్ను ఎగాదిగా చూసి, "పంటులూ, మీరు టాగేది ఉండా?" అన్నాడు.

"రామ రామ. నేను తాగను."

"అయ్యో పాపం. అయితే ఈ పొద్దు లోపలికి లేదు. టాగేవాళ్లకే. ఇంటివాళ్లను పిలిచే మీటింగు నెలాఖరులో ఉంది, అప్పుడు రండి. ఇప్పుడు వరండాలో కూర్చోండి, కాఫీ ఇస్తాను."

నా జన్మలో, తాగనందుకు నన్ను బయట కూర్చోబెట్టిన చోటు అదొక్కటే. సాయిబు నవ్వు ఆపుకుంటున్నాడు, నేను చూసినాను.

తలుపు మూసినారు. వరండాలో పేము కుర్చీలో కూర్చొని చెవులు రిక్కించినాను. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డం రారు. మాటలు వినపడవు, గొంతులు మాత్రం తెలుస్తాయి. ఒకసారి ఎవరో ఏడ్చినట్టు. మరి కాసేపటికి గదంతా ఘొల్లున నవ్వినారు. పశ్చాత్తాపపడేవాడు నవ్వుతాడా? ఉపవాసముండి పురాణం వినేవాళ్లలో అట్లాంటి నవ్వు నేనెన్నడూ వినలేదు. తాగినవాళ్ల నవ్వే అది, అనుకున్నాను.

మీటింగు కాగానే తలుపు తీసీ తీయకముందే లోపలికి పోయినాను. బల్ల మీద గ్లాసులు. ఒక గ్లాసు ఎత్తి వాసన చూసినాను. గూడూరు నిమ్మకాయల నీళ్లు, ఉప్పు. ఇంకొక గ్లాసు చూసినాను. అదీ అంతే. మూడోది చూడబోతే సాయిబు అన్నాడు, "అది నేను ఎంగిలి చేసింది అయివారూ. మీకు పట్టింపు లేకపోతే తాగండి."

మీ తాత తల వంచుకొని ఉన్నాడు. కోపం తెచ్చుకోలేదు. అది నాకు ఇంకా అనుమానంగా ఉండింది. ఆయనకు ముక్కు మీద కోపం.

నెలాఖరు మీటింగుకి మళ్లీ పోయినాను. అలివేలును రమ్మంటే, "నువ్వు చూసిరా" అన్నది. ఈసారి లోపలే కూర్చున్నాను. ఒక్కొక్కడూ లేచి, తన పేరు చెప్పి, "నేను తాగుబోతును" అని మొదలుపెడతాడు. ప్రతిసారీ నేను కిటికీ వైపు చూసేవాణ్ణి, బయట ఎవడన్నా రాసుకుంటున్నాడేమోనని. మూలన ఒకడు కూర్చున్నాడు, కురచ క్రాపు, నిటారు నడుము, కాలికి పోలీసు చెప్పులు. మఫ్టీలో వచ్చిన కానిస్టేబులని గుర్తుపట్టేసినాను. పక్కనున్న సాయిబు చెవిలో వేసినాను.

"అవును, కానిస్టేబులే" అన్నాడు సాయిబు నింపాదిగా. "కుండలు పగలగొట్టే డ్యూటీలో పడి అలవాటైంది పాపం. పోయిన నెల నుంచి వస్తుండాడు."

ఆ కానిస్టేబులు కూడా లేచి పేరు చెప్పి, "నేను తాగుబోతును" అన్నాడు. నేనింక కిటికీ వైపు చూడలేదు.

చివర అందరూ లేచి నిలబడినారు. దొర, "ఎవరికి తోచిన దేవుణ్ణి వాళ్లు తలుచుకోండి" అన్నాడు. నేను ఊరుకోలేకపోయినాను. "దొరా, నామమూ రూపమూ లేకుండా ఆవాహన ఎట్లా కుదురుతుంది? ఏ దేవుడో చెప్పవద్దా?" అన్నాను.

"పేరు చెప్పితే సగం మంది లేచిపోతారు పంటులూ" అన్నాడు దొర. "మిగిలిన సగం మంది కొట్టుకుంటారు."

 దానికి నేను ఒప్పుకున్నానని అనుకోవద్దు. ఇప్పటికీ నాకది సమ్మతం కాదు.

ఇంటికి వచ్చి అలివేలుకు చూసింది చూసినట్టు చెప్పినాను. తాగడం లేదు, వాసన లేదు, మతం సంగతి లేదు. అయినా నాకు నమ్మకం లేదు, ఒట్టు లేనిదే నమ్మను అన్నాను. ఆమె వింటూ మీ నాన్నకు అన్నం పెట్టింది.

మరుసటి వారమో, ఆ పై వారమో, మీ తాత అలివేలును తీసుకుపోతానని వచ్చినాడు. నేను సిద్ధంగా ఉన్నాను. స్నానం చేసి, సాలగ్రామం ముందు పీట వేసి, పళ్లెంలో కర్పూరం పెట్టినాను. అలివేలు వంటింటి గుమ్మంలో నిలబడింది.

"బావా, పాతవన్నీ వదిలెయ్యి. ఇంకొక్కసారి, దీన్ని ఆర్పి, జన్మలో తాగనని చెప్పు. ఇప్పుడే నా చెల్లెల్ని నీ వెంట పంపుతాను" అన్నాను. కర్పూరం వెలిగించినాను.

మీ తాత ఆ మంట వైపు చూసినాడు. చెయ్యి ఎత్తలేదు.

"ఏం బావా?"

"ఆర్పను బావా."

"ఆర్పవా? అంటే తాగుతావా?"

"ఏమో. నాకు తెలవదు. ఈ పొద్దు తాగలేదు. ఈ పొద్దు తాగను. అంతకుమించి చెప్పితే, అబద్ధమైనా అయి ఉంటాది, నిజమైనా అయి ఉంటాది. అలివేలుకి ఇంక అట్టాంటి మాట చెప్పలేను."

"ఇల్లాలిని కోరి వచ్చినవాడు ఒక మాటకు వెనకాడతాడా?"

"నేను ఎప్పుడు వెనకాడినాను బావా? అడిగినప్పుడల్లా ఆర్పినా గదా" అన్నాడు.

కర్పూరం కరిగి, నీలంగా మండి, పళ్లెం నల్లబడింది. మన ఇళ్లల్లో వెలిగించిన ప్రమాణకర్పూరం దానంతటది కొండెక్కితే ఎంత అశుభమో నీకు తెలియదు.  "చాలు. లే. ఈమెను పంపను" అన్నాను.

వెనక చప్పుడైంది. చూస్తే గుమ్మంలో అలివేలు లేదు. కాసేపటికి ట్రంకుపెట్టె చేత్తో, మీ నాన్నను భుజాన వేసుకొని వచ్చింది. నా కాళ్లకు మొక్కింది. "పోయొస్తాను అన్నయ్యా" అన్నది.

"నీకేమన్నా మతిపోయిందా? ఒట్టు కూడా పెట్టలేదు గదా."

"అందుకే" అన్నది. అంతే అన్నది. మీ తాత పెట్టె అందుకోబోతే, ఇవ్వలేదు. తానే మోసుకొనిపోయింది స్టేషను దాకా.

నేనేం చేసినాననుకున్నావు? ఊరుకున్నానా? ఏదో ఒక నెపం పెట్టుకొని బిట్రగుంట పోతూ వస్తూ ఉండేవాణ్ణి. గోంగూర తెచ్చినాననేవాణ్ణి, మేనల్లుణ్ణి చూడాలనేవాణ్ణి. పోయి, వాసన పట్టడానికి మీ తాత చొక్కా తగిలించిన చోట నిలబడేవాణ్ణి. సాయిబు బజారులో కనపడితే, "ఏం అయివారూ, ఇన్‌స్పెక్షనా?" అనేవాడు. అననీలే. పెద్దన్నగా నా ధర్మం అది.

అట్లా ఏండ్లు గడిచినాయి. అరవైల చివరలో ప్రభుత్వం మద్యనిషేధం ఎత్తేసింది. షెడ్డు నుంచి కాలనీకి వచ్చే దారిలోనే సారా అంగడి వెలిసింది. బోర్డు పెట్టి, బల్లలు వేసి, పట్టపగలు. ఆ మాట వినగానే, ఇన్నాళ్లూ దొరక్క మానినాడేమో, ఇప్పుడు చూడాలి, అనుకొని రైలెక్కినాను.

సాయంకాలం. అలివేలు బియ్యం ఏరుతున్నది, నేను పక్కన కూర్చున్నాను. మీ తాత డ్యూటీ దిగి వచ్చినాడు. లోపలికి రాలేదు. గడప అవతల నిలబడినాడు. అలివేలు చేట పక్కన పెట్టి, లేచి, ఆయన ఎదురుగా పోయి నిలబడింది. ఆయన కొంచెం వంగి, ఆమె ముఖం మీద ఉఫ్ మని ఊదినాడు. ఆమె ఒక్క క్షణం ఆగి, పక్కకు తొలిగింది. ఆయన లోపలికి వచ్చి కాళ్లు కడుక్కున్నాడు.  నేనున్నానని ఇద్దరూ సిగ్గుపడలేదు. "ఎప్పుడొచ్చినావు బావా?" అన్నాడు, అంతే.

ఆయన దొడ్లోకి పోయినాక అడిగినాను. "ఇదేమిటే, రోజూ ఇంతేనా?"

"తీసుకొచ్చిన మొదటిరోజు నుంచీ" అన్నది.

"అయితే నువ్వు కూడా నమ్మలేదన్నమాట."

అలివేలు చేట మళ్లీ ఒళ్లో పెట్టుకొన్నది. "ఎందుకు నమ్మాలన్నయ్యా? పెండ్లినాడు నమ్మినాను, కర్పూరం ఆర్పినప్పుడల్లా నమ్మినాను. నమ్మినన్నాళ్లూ ఏడ్చినాను. ఇప్పుడు నమ్మేది లేదు, అడిగేది లేదు. ఊదుతాడు, చూస్తాను, అన్నం పెడతాను. రేపటికి రేపు ఊదుతాడు" అన్నది.

మీ తాత రిటైరైనాడు, దొర పోయినాడు, సాయిబు పోయినాడు, మీటింగు ఏమైందో నాకు తెలియదు. మీ తాత పోయే ముందు ఆస్పత్రిలో కూడా, ఆమె గదిలోకి వస్తే... సరే. అది మీ నాన్న చూసినాడు, నేను చూడలేదు. చూడనిది చెప్పను.

ఎందుకడిగినావో ఈ కథ, నేను అడగను. అడిగితే నువ్వు ఏదో ఒకటి చెప్పుతావు, నేను దానిని అనుమానిస్తాను. ఉండనీ. చెంగు తీసి కళ్లు తుడుచుకో.

ఈ కథ విన్నవారి ఇండ్లలోకి అపరాహ్ణము దాటి వచ్చు అడుగులు తడబడక వచ్చుగాక. విన్నవారి పొయ్యి మీది అన్నము వేళకు దిగి, ఆకలిగొన్నవారి విస్తళ్లలో వేడిగా పడుగాక. విన్నవారికి, వినిపించినవారికి, వినడానికి సిగ్గుపడి గుమ్మం బయట నిలబడినవారికి కూడా, నామము తెలిసిన దైవమూ, తెలియని దైవమూ, ఈ ఒక్క పూట తోడుగా నిలుచుగాక. నీకు, నీ ఇంటికి శుభమగుగాక తల్లీ. ఇక ఆ యంత్రం ఆపు.